సీరం మారాక ఒక్క ఎంజైమే ఎందుకు పడిపోయింది? సమాధానం మీడియంలో ఉంది

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైన తీరులో చెబుతాను. హెప్‌జీ2 అనే మనిషి కాలేయ క్యాన్సర్ కణాలను డీఎంఈఎం అనే పోషక ద్రవం (మీడియం)లో పెంచుతూ, ఒక మొక్క సారం యాంటీఆక్సిడెంట్ ఎంజైములను పెంచుతుందో లేదో చూస్తున్నారు. మధ్యలో, మీడియంలో కలిపే దూడ పిండం సీరం పాతది అయిపోయి కొత్త లాట్ (వేరే తయారీ విడత) వచ్చింది. ఖర్చు కలిసివస్తుందని సీరాన్ని 10 శాతం నుంచి 5 శాతానికి దించారు. అప్పటి నుంచి సారం వేయని కంట్రోల్ కణాల్లోనే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ యాక్టివిటీ మూడో వంతుకు పడిపోయింది. అదే లైసేట్‌లో, అంటే కణాలను పగలగొట్టి తీసిన ద్రవంలో, కేటలేజ్, ఎస్ఓడీ (సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్) మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. కణాలే మారిపోయాయా, కిట్ పాడైందా, పాత ఫలితాలన్నీ పారేయాలా అన్నది మీ బెంగ. పనిలో పనిగా, మీడియంలోని ఏ పదార్థం ఏ ఎంజైమును కదిలిస్తుందో కూడా చెప్పమన్నారు.

నన్నడిగితే కణాలకు ఏమీ కాలేదు. వాటికి సెలీనియం చాలడం లేదు.

ఇంత సూటిగా చెప్పడానికి ఆధారం మీ ప్రశ్నలోనే ఉంది. మూడింటిలో ఒక్కటే పడింది. ప్యాసేజీలు (కణాలను కొత్త పాత్రలోకి మార్చి పెంచిన సార్లు) ఎక్కువైనా, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టినా, లైసేట్ మంచు మీద కాకుండా బల్ల మీద నానినా మూడు ఎంజైములూ ఎంతో కొంత కదిలేవి. కేటలేజ్‌కు కావలసింది హీమ్. సైటోప్లాజంలోని ఎస్ఓడీకి కావలసినవి రాగి, జింకు. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌కు కావలసింది సెలీనియం. డీఎంఈఎం సీసాతో వచ్చే పదార్థాల జాబితా తీసి చదవండి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఫెర్రిక్ నైట్రేట్ కనిపిస్తుంది కానీ సెలీనియం ఊసు ఉండదు. ఆర్‌పీఎంఐ 1640 అనే మరో మీడియంలోనూ అంతే. ఐఎండీఎం అనే మీడియంలో మాత్రం సోడియం సెలీనైట్ లీటరుకు సుమారు 17 మైక్రోగ్రాములు, అంటే 100 నానోమోలార్ ఉంటుంది. కాబట్టి మీ కణాలకు చేరే సెలీనియం అంతా సీరం నుంచే రావాలి. సీరాన్ని సగం చేసిన రోజే మీరు సెలీనియాన్నీ సగం చేశారు.

దీనికి లాట్ మార్పు తోడైంది. దూడ పిండం రక్తంలో సెలీనియం ఎంత ఉండాలన్నది తల్లి ఆవు తిన్న మేతను బట్టి, ఆ మేత పెరిగిన నేలను బట్టి ఉంటుంది. న్యూజిలాండ్ నేలల్లో సెలీనియం తక్కువ. అక్కడి పశువులకు దాన్ని విడిగా ఇవ్వడం మామూలు విషయం. సీరం కొనేటప్పుడు మనం ఎండోటాక్సిన్ ఎంత, హీమోగ్లోబిన్ ఎంత, ఏ దేశానిది అని చూస్తాం. సెలీనియం విలువ చాలా ధ్రువపత్రాల్లో ఉండదు, ఎవరూ అడగరు కూడా. మనిషి ప్లాస్మాలో సెలీనియం లీటరుకు సుమారు 70 నుంచి 150 మైక్రోగ్రాములు, అంటే రమారమి 1 నుంచి 2 మైక్రోమోలార్. 10 శాతం సీరం వేసిన మీడియంలో అది కొన్ని పదుల నానోమోలార్‌కు మించదు. మీ కణాలు మొదటి నుంచీ అరకొరగానే బతుకుతున్నాయి. 5 శాతానికి వచ్చేసరికి ఆ లోటు బయటపడింది.

ఈ ఎంజైమ్ సెలీనియం మీద ఎంతగా ఆధారపడుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ తర్వాతి తప్పటడుగు ఇక్కడే పడే ప్రమాదం ఉంది. 1957లో మిల్స్ ఎర్ర రక్తకణాల్లో గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌ను గుర్తించాడు. అందులో సెలీనియం ఉందని 1973లో గాని తేలలేదు, విస్కాన్సిన్‌లో రోట్రక్, హోక్‌స్ట్రా తదితరుల పనితో. ఆ సెలీనియం ఎంజైముకు పక్కన అతుక్కున్న లోహ అయాన్ లాంటిది కాదు. సెలీనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లంగా ప్రోటీన్ గొలుసులోనే కూర్చుంటుంది. దానికి కేటాయించిన కోడాన్ యూజీఏ. మామూలుగా అది ‘ఇక్కడ ఆపు’ అనే గుర్తు. ఎంఆర్ఎన్ఏ తోక భాగంలో సెసిస్ అనే మడత ఉండి, సెలీనోసిస్టీన్ మోసుకొచ్చే టీఆర్ఎన్ఏ సిద్ధంగా ఉంటేనే రైబోజోమ్ అక్కడ ఆగకుండా ముందుకు పోతుంది. సెలీనియం కరువైతే అది నిజంగానే ఆగిపోతుంది. అర్ధంతరంగా ఆగే ఎంఆర్ఎన్ఏలను ఏరివేసే వ్యవస్థ కణంలో ఎలాగూ ఉంది కనుక ఈ ఎంజైమ్ ప్రధాన రూపమైన జీపీఎక్స్1 ఎంఆర్ఎన్ఏ కూడా తగ్గుతుంది.

దాని పర్యవసానం చూడండి. యాక్టివిటీ తగ్గింది. వెస్టర్న్ బ్లాట్ చేస్తే ప్రోటీన్ బ్యాండ్ పలచబడింది. క్యూపీసీఆర్ చేస్తే ఎంఆర్ఎన్ఏ కూడా తగ్గింది. మూడూ ఒకే మాట చెబుతున్నాయి కదా అని ‘జన్యు వ్యక్తీకరణ అణగారింది’ అని రాసేస్తారు. జన్యువును నడిపించే ప్రమోటర్ దగ్గర ఏమీ జరగలేదు. జరిగిందంతా మీడియంలో ఒక మూలకం తగ్గడమే. నా దగ్గరికి సమీక్షకు వచ్చే రాతప్రతుల్లో ఈ పొరపాటు పదేపదే చూస్తుంటాను.

ఇంకొక సంగతి కూడా మీ ఫలితానికి సరిపోతుంది. సెలీనియం తక్కువైనప్పుడు కణం అన్ని సెలీనోప్రోటీన్లనూ సమానంగా తగ్గించదు. వేసవిలో ట్యాంకర్ వచ్చినప్పుడు ముందు తాగడానికి, వంటకు పట్టుకుని, మిగిలితేనే మొక్కలకు పోస్తాం. కణానిదీ అదే వరస. పొరల్లోని కొవ్వు పెరాక్సైడ్లను సంబాళించే జీపీఎక్స్4ను చివరిదాకా కాపాడుకుంటుంది, థయోరెడాక్సిన్ రిడక్టేజ్‌నూ చాలావరకు నిలబెట్టుకుంటుంది. జీపీఎక్స్1ను మాత్రం మొదట వదిలేస్తుంది. మీ కిట్ కొలిచే యాక్టివిటీలో ఎక్కువ భాగం ఆ జీపీఎక్స్1దే. కణాలు ఆరోగ్యంగా కనబడుతూ, మామూలుగా విభజన చెందుతూ, ఈ ఒక్క యాక్టివిటీ మాత్రం పాతాళానికి పోవడంలో వింత లేదు.

ఇప్పుడు దీన్ని రుజువు చేయండి, ఖర్చు దాదాపు సున్నా. 17.3 మిల్లీగ్రాముల సోడియం సెలీనైట్‌ను 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగిస్తే 1 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. దాన్ని నూరు రెట్లు పలచన చేస్తే 10 మైక్రోమోలార్. 10 మిల్లీలీటర్ల మీడియంలో ఇది 50 మైక్రోలీటర్లు వేస్తే 50 నానోమోలార్. సెలీనైట్ విషం, తూచేటప్పుడు గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. కొత్త సీరంతో పెంచిన కణాలను రెండు వరుసలుగా వేసి ఒక వరుసకు సెలీనైట్, ఇంకొక వరుసకు అంతే పరిమాణంలో నీరు ఇవ్వండి. పాత సీరం అడుగూబొడుగూ మిగిలి ఉంటే దానితో మరో రెండు. కొలత మర్నాడే వద్దు. కొత్త ప్రోటీన్ తయారై పోగవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మూడో రోజున సెలీనైట్ వరుసలో యాక్టివిటీ పాత స్థాయికి, బహుశా దాన్ని దాటి పోతే, కేటలేజ్ ఉన్నచోటే ఉంటే, కథ తేలిపోయినట్లే. మోతాదు ఎక్కువైతే ఇంకా మంచిదనుకోకండి. 30 నుంచి 100 నానోమోలార్ మధ్యలో యాక్టివిటీ గరిష్ఠానికి చేరి ఆగిపోతుంది. కొన్ని మైక్రోమోలార్లకు వెళ్తే సెలీనైటే కణాలను చంపడం మొదలుపెడుతుంది.

మీ ల్యాబ్ ఫ్రిజ్‌లో ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం కలిపిన ఐటీఎస్ సీసా ఉంటే దానితోనూ 39 నానోమోలార్ దాకా సెలీనైట్ అందుతుంది. కానీ ఈ ప్రయోగానికి అది వాడవద్దు. ఇన్సులిన్ దానంతట అదే కాలేయ కణంలో పది ఎంజైములను కదిలిస్తుంది. ఏది దేనివల్లో విడదీయలేరు.

కొలత గురించి కూడా ఒక మాట. మీరు వాడేది ఎన్ఏడీపీహెచ్ తగ్గుదలను 340 నానోమీటర్ల దగ్గర చూసే జంట పద్ధతే అనుకుంటాను. అందులో సబ్‌స్ట్రేట్‌గా క్యుమీన్ హైడ్రోపెరాక్సైడ్ ఉంటే జాగ్రత్త. కొన్ని గ్లూటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజులు కూడా దాన్ని విడగొడతాయి, వాటికి సెలీనియంతో పని లేదు. మీకు మిగిలిన ఆ మూడో వంతులో కొంత వాటిదే కావచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడి, కేటలేజ్ అడ్డు రాకుండా సోడియం అజైడ్ కలిపితే సెలీనియం మీద ఆధారపడ్డ భాగం మాత్రమే కనిపిస్తుంది. లైసేట్ లేని బ్లాంక్ తప్పనిసరి. గ్లూటాథయోన్, పెరాక్సైడ్ ఎంజైమ్ లేకుండానే నెమ్మదిగా కలుస్తాయి.

ప్రోటీన్ లెక్క దగ్గర మరొక ఉచ్చు ఉంది. పిండ సీరంలో మిల్లీలీటరుకు 30 నుంచి 40 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటుంది. 10 శాతం మీడియంలో అది 3 నుంచి 4 మిల్లీగ్రాములు. ఆరు వెల్స్ ప్లేటులో మీడియం తీసేసినప్పుడు ఒక వెల్‌లో 100 మైక్రోలీటర్లు మిగిలిందనుకోండి. అందులోనే 300 నుంచి 400 మైక్రోగ్రాముల ఆల్బుమిన్ వగైరా ఉంది. ఆ వెల్‌లోని కణాలన్నిటి ప్రోటీన్‌తో పోల్చదగిన మొత్తం అది! సరిగా కడగకపోతే మీ ‘మిల్లీగ్రాము ప్రోటీన్‌కు ఇన్ని యూనిట్లు’ అన్న అంకె సగానికి సగం తప్పుతుంది. మీ విషయంలో దోషం ఇది కాదు. ఇదే అయితే మూడు ఎంజైములూ కలిసి పడేవి, పైగా సీరం తగ్గించారు కనుక అంకెలు పెరగాలి. అయినా రెండుసార్లు చల్లని బఫర్‌తో కడగండి.

ఇక మీ మొక్క సారం. ఇది మీరు అడగలేదు, కానీ అసలు ప్రమాదం ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. పాత సీరంలో సారం వేస్తే పెరాక్సిడేజ్ యాక్టివిటీ రెట్టింపైందని రాశారు. సెలీనియం ఆకలితో ఉన్న కణాలకు, అణువంత సెలీనియం ఉన్న ఏ సారం వేసినా యాక్టివిటీ పెరుగుతుంది. దాన్ని ఔషధ గుణం అనలేం. సెలీనైట్‌తో సంతృప్తి పొందిన కణాల్లోనూ మీ సారం అదే పెరుగుదల ఇస్తేనే అది నిలబడే ఫలితం.

రెండో అనుమానం ఇంతకన్నా పెద్దది. పాలీఫినాల్స్ ఉన్న సారాలు, ముఖ్యంగా టీలోని కేటెచిన్లు, గాలిక్ ఆమ్లం వంటివి డీఎంఈఎంలో పడగానే వాటంతట అవే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. కణాలు అక్కర్లేదు, ఖాళీ మీడియం చాలు. సింగపూర్‌లో హాలివెల్ బృందం 2000లోనే దీన్ని చూపింది. అలా పుట్టిన పెరాక్సైడ్ కణాన్ని గిల్లుతుంది. కణం ఎన్ఆర్ఎఫ్2 అనే నియంత్రకాన్ని లేపి రక్షణ ఎంజైములను పెంచుకుంటుంది. ఆ జాబితాలో థయోరెడాక్సిన్ రిడక్టేజ్, జీపీఎక్స్2 కూడా ఉన్నాయి. మీరేమో ‘సారం యాంటీఆక్సిడెంట్ ఎంజైములను పెంచింది’ అని రాస్తారు. నిజానికి అది మీ సీసాలో ఆక్సిడెంట్‌గా పనిచేసింది! మన దగ్గర మొక్కల సారాలపై వచ్చే సిద్ధాంత గ్రంథాల్లో ఈ ఒక్క పరీక్ష ఉన్నవి చాలా అరుదు. చేయడం తేలిక. సారాన్ని కణాలు లేని మీడియంలో 37 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచి పెరాక్సైడ్ కొలవండి. కణాలున్న ప్లేటులో సారంతో పాటు కొనుగోలు చేసిన కేటలేజ్‌ను కూడా వేసి చూడండి. ప్రభావం మాయమైతే దోషి ఎవరో తెలిసినట్లే.

ఆ కొలత చేసేటప్పుడు మీ డీఎంఈఎంలో పైరువేట్ ఉందో లేదో చూసుకోండి. ఒకే పేరుతో రెండు రకాల సీసాలు దొరుకుతాయి, లీటరుకు 110 మిల్లీగ్రాముల సోడియం పైరువేట్ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. పైరువేట్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నేరుగా కలిసి అసిటేట్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. 1 మిల్లీమోలార్ పైరువేట్ ఉన్న మీడియంలో 200 మైక్రోమోలార్ పెరాక్సైడ్ వేసి ‘మా కణాలు ఎంత గట్టివో, వాటి కేటలేజ్ ఎంత చురుకో’ అని మురిసిపోయే వాళ్లున్నారు. పని చేసింది పైరువేట్. ఒక ల్యాబ్ ఫలితం ఇంకొక ల్యాబ్‌లో రాకపోవడానికి కేటలాగ్ నంబరులో ఒక్క అంకె తేడా చాలు.

సీరం మూలకాలనే కాదు, తన సొంత ఎంజైములనూ వెంట తెస్తుంది. ఎముకలు పెరిగే పిండం రక్తం కనుక ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అందులో పుష్కలం. ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ కూడా అంతే. నాడీ కణాలు మీడియంలోకి వదిలిన ఎస్టరేజ్‌ను కొలుస్తున్నామని ఆవు ఎస్టరేజ్‌ను కొలిచిన సందర్భాలు తక్కువేమీ కావు. కణాలు చచ్చాయా లేదా అని చచ్చిన కణం నుంచి కారే లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌ను కొలిచే ఎల్‌డీహెచ్ కిట్ వాడితే సీరంలోని ఎల్‌డీహెచ్ బ్లాంక్‌ను పైకి లేపుతుంది. మీడియంలోని పైరువేట్ ఆ చర్యకే తుది పదార్థం కాబట్టి వేగాన్ని తగ్గిస్తుంది. అంటే ఒకటి పెంచుతుంది, ఒకటి దించుతుంది, మధ్యలో మీ అంకె. కణాలు వేయని మీడియంను అదే ప్లేటులో, అన్ని గంటలూ అదే ఇంక్యుబేటర్‌లో ఉంచి బ్లాంక్‌గా వాడడం తప్ప దీనికి మందు లేదు.

సీరం ఎంజైములు కణం బయటే ఉండిపోతాయని కూడా అనుకోవద్దు. లైసోజోమ్ ఎంజైములకు మ్యానోజ్-6-ఫాస్ఫేట్ గుర్తు ఉంటుంది. కణం ఉపరితలంలోని గ్రాహకాలు ఆ గుర్తును పట్టి ఎంజైమును లోపలికి లాక్కుంటాయి. లైసోజోమ్ ఎంజైమ్ లోపంతో వచ్చే పాంపే వ్యాధికి బయటి నుంచి ఎంజైమ్ ఎక్కించే చికిత్స పనిచేసేది ఈ దారిలోనే. రోగి చర్మం నుంచి పెంచిన ఫైబ్రోబ్లాస్టుల్లో లైసోజోమ్ ఎంజైమ్ లోపాన్ని వెతికేవారికి ఇదే దారి తలనొప్పి. అతి స్వల్పంగా కనిపించే యాక్టివిటీ రోగిదో, దూడదో ఆలోచించాలి.

విటమిన్ల సంగతికి వస్తే, డీఎంఈఎంలో బయోటిన్ లేదు, బీ12 లేదు. ఆర్‌పీఎంఐలో రెండూ ఉన్నాయి. మీరు ప్రొపియోనిల్ కోఎంజైమ్-ఏ కార్బాక్సిలేజ్ లాంటివి కొలిచేవారైతే బయోటిన్, మెథియోనిన్ సింథేజ్ కొలిచేవారైతే బీ12 ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసుకోవాలి. అక్కడా సీరమే దిక్కు. బయోటిన్‌కు స్పందించే కార్బాక్సిలేజ్ లోపాలను పసిగట్టడానికి రోగి ఫైబ్రోబ్లాస్టులను బయోటిన్ తక్కువ ఉన్న మీడియంలోనూ, ఎక్కువ ఉన్నదానిలోనూ పెంచి పోలుస్తారు. అంటే మనకు చికాకుగా ఉన్న ఈ లక్షణాన్నే వారు రోగనిర్ధారణకు వాడుకున్నారు. విటమిన్ సి మామూలు డీఎంఈఎంలో అసలు లేదు. కొల్లాజెన్‌ను పరిపక్వం చేసే ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్, డీఎన్ఏ మిథైల్ గుర్తులను తొలగించే టెట్ ఎంజైములు దాని కొరతతో కుంటుతూ నడుస్తాయి. విటమిన్ సిని మామూలు ఆస్కార్బిక్ ఆమ్లంగా వేస్తే గంటల్లో ఆక్సీకరణ చెంది, పాలీఫినాల్స్ లాగే పెరాక్సైడ్ వదులుతుంది. నిలకడగా ఉండే ఆస్కార్బేట్-2-ఫాస్ఫేట్ వాడండి.

ఫోలిక్ ఆమ్లం మాట వచ్చినప్పుడు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రాకుండా ఉండరు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో 1940లలో సంశ్లేషించిన ఆ ఫోలిక్ ఆమ్లమే నేడు దాదాపు ప్రతి మీడియం సీసాలోనూ ఉంది. డీఎంఈఎంలో లీటరుకు 4 మిల్లీగ్రాములు, అంటే 9 మైక్రోమోలార్. మనిషి ప్లాస్మాలో ఫోలేట్ కొన్ని పదుల నానోమోలార్ మాత్రమే, అదీ ఎక్కువగా మిథైల్ టెట్రాహైడ్రోఫోలేట్ రూపంలో. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌ను అడ్డుకునే మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందును ఈ మీడియంలో పరీక్షించి వచ్చిన మోతాదును శరీరానికి అన్వయిస్తే పొరబడతాం. డీఎంఈఎం, హామ్స్ ఎఫ్12 కలిపిన మీడియం అయితే మరీను. ఎఫ్12లో హైపోజాంథిన్, థైమిడిన్ రెండూ ఉన్నాయి. ఆ ఎంజైమును పూర్తిగా మూసేసినా కణం దొడ్డిదారిన డీఎన్ఏ తయారు చేసుకుంటుంది. అన్నట్లు, సుబ్బారావు ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫేట్ కొలిచే పద్ధతిని ఏటీపీయేజ్‌కో ఫాస్ఫటేజ్‌కో వాడేవారు కణాలను ఫాస్ఫేట్ బఫర్‌తో కడిగి కూర్చోవద్దు. కొలవబోయేదాన్నే ముందుగా పోసినట్లవుతుంది. ట్రిస్ బఫర్ వాడండి.

గ్లూకోజ్ గురించి మీరు వినే ఉంటారు కానీ అంకెను మన వాడుకలోకి మార్చి చూడండి. హై గ్లూకోజ్ డీఎంఈఎంలో లీటరుకు 4.5 గ్రాములు. రక్త పరీక్ష చీటీ లెక్కలో అది 450. ఆ షుగర్‌తో మనిషి వస్తే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. మనం ఆ కణాలను ‘నార్మల్ కంట్రోల్’ అంటున్నాం. 1959లో హ్యారీ ఈగిల్ తన మీడియంను రూపొందించినప్పుడు ఆయన ధ్యేయం కణాలు చావకుండా పెరగడమే, రక్తాన్ని అనుకరించడం కాదు. తర్వాత డల్బెకో దానిలోని అమైనో ఆమ్లాలను సుమారు రెండింతలు, విటమిన్లను నాలుగింతలు చేసి డీఎంఈఎంను రూపొందించాడు. అంత చక్కెరలో హెప్‌జీ2 కణాలు గ్లైకోలిసిస్‌తోనే కాలక్షేపం చేస్తాయి, మైటోకాండ్రియాను పెద్దగా పట్టించుకోవు. శ్వాసక్రియ ఎంజైములను దెబ్బతీసే మందు వేసినా కణాలు నిక్షేపంగా ఉన్నట్లు కనిపిస్తాయి. గ్లూకోజ్ తీసేసి గెలాక్టోజ్ ఇస్తే మైటోకాండ్రియా మీద ఆధారపడక తప్పదు, అప్పుడు అదే మందు విషమని తేలుతుంది.

మీడియంలో ఉన్నవే కాదు, లేనివి కూడా ఎంజైమును మారుస్తాయి. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ యూరిక్ ఆమ్లం. మనిషికి యూరికేజ్ ఎంజైమ్ లేదు. అందుకే మన రక్తంలో యూరిక్ ఆమ్లం ఎలుక రక్తంలో కంటే సుమారు పది రెట్లు ఎక్కువ. మామూలు మీడియంలలో అది లేదు. 2017లో అమెరికాలోని వైట్‌హెడ్ సంస్థలో కాంటర్, సబాటినీ బృందం మనిషి ప్లాస్మాను పోలిన మీడియంను తయారు చేసి, అందులో యూరిక్ ఆమ్లాన్ని కూడా కలిపింది. అది, ఆర్ఎన్ఏ, డీఎన్ఏల ముడిసరుకు తయారు చేసే యూఎంపీ సింథేజ్‌ను నేరుగా అడ్డుకుంటుందని, దానివల్ల క్యాన్సర్ కణాలు 5-ఫ్లోరోయురాసిల్ మందుకు తక్కువగా లొంగుతాయని అప్పుడు తెలిసింది. అరవై ఏళ్ల కల్చర్ ప్రయోగాల్లో ఆ ఎంజైమ్ పగ్గం లేకుండా నడిచింది. రెండేళ్ల తర్వాత గ్లాస్గోలో ప్లాస్మాక్స్ అనే ఇలాంటి మీడియం చేసినవారు, వాణిజ్య మీడియంలలోని మితిమీరిన ఆర్జినిన్ వల్ల ఆర్జినినోసక్సినేట్ లయేజ్ చర్య వెనక్కి నడుస్తోందని చూపించారు. తెగగొట్టాల్సిన ఎంజైమ్ కలుపుతోంది! పైరువేట్ వల్ల ఆక్సిజన్ కొరతకు స్పందించే హెచ్ఐఎఫ్1 ఆల్ఫా ప్రోటీన్ నిలకడ పొంది, ఆక్సిజన్ బాగానే ఉన్నా కణం అది లేనట్లు ప్రవర్తిస్తుందనీ చెప్పారు.

హెప్‌జీ2 వాడేవారు విషపదార్థాలను విడగొట్టే సీవైపీ1ఏ1 ఎంజైమును కూడా కొలుస్తారు కనుక ఇది చెప్పి తీరాలి. కల్చర్ హుడ్‌లో ట్యూబ్‌లైటు వెలుగుతుండగా మీడియం సీసా పొద్దస్తమానం బయటే ఉంచే అలవాటు మీ ల్యాబ్‌లో ఉంటే మానిపించండి. వెలుతురుకు ట్రిప్టోఫాన్ నుంచి పుట్టే పదార్థాలు కణంలోని ఏహెచ్ గ్రాహకాన్ని తట్టి సీవైపీ1ఏ1ను పెంచుతాయి. రైబోఫ్లేవిన్ అదే వెలుతురులో పెరాక్సైడ్ పుట్టిస్తుంది. కొత్త సీసా, వారం రోజుల సీసా వేర్వేరు కంట్రోల్ విలువలు ఇవ్వడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. సీసాకు రేకు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. యాంటీబయాటిక్స్‌లో టెట్రాసైక్లిన్ జాతి వాటిని గమనించండి. అవి మైటోకాండ్రియాలోని రైబోజోములను అడ్డుకుని సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను తగ్గిస్తాయి. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ మీకు ఈ ప్రయోగంలో పెద్ద ఇబ్బంది కాదు.

ఇప్పుడు మీ పాత లెక్కలు. పారేయనక్కర్లేదు. పాత లాట్‌తో, 10 శాతం సీరంతో చేసినవన్నీ ఒక గుంపు, వాటిలో కంట్రోల్‌కూ సారానికీ మధ్య పోలిక ఆ గుంపు లోపల చెల్లుతుంది. కొత్త సీరంతో చేసినవి ఇంకొక గుంపు. రెండింటినీ కలిపి ఒకే సగటు తీయవద్దు, ఒకే బార్ గ్రాఫులో పెట్టవద్దు. సెలీనైట్ పరీక్ష నేను అనుకున్నట్లు వస్తే, ఇక మీదట ప్రయోగాలన్నీ 50 నానోమోలార్ సెలీనైట్ కలిపిన మీడియంలో చేయండి. కణాలను వారం ముందు నుంచే అందులో అలవాటు చేయండి. సారంతో చేసిన ముఖ్యమైన ప్రయోగం ఒక్కటైనా, కేటలేజ్ వేసి, వేయకుండా, ఆ మీడియంలో మళ్లీ చేయండి. మీ గైడు ఐఎండీఎంకు మారిపోదాం అంటే ఒప్పుకోవద్దు. అందులో సెలీనియం ఉన్న మాట నిజమే కానీ అమైనో ఆమ్లాలు, విటమిన్లు కూడా వేరు. సగంలో ఉన్న థీసిస్‌లో ఒకేసారి ఇరవై విషయాలు మార్చినట్లవుతుంది.

పద్ధతుల విభాగంలో ‘డీఎంఈఎం, 10 శాతం సీరం’ అని వదిలేయకండి. గ్లూకోజ్ ఎంత, పైరువేట్ ఉందా, కేటలాగ్ నంబరు, సీరం లాట్ నంబరు, ఏ దేశానిది, 56 డిగ్రీల దగ్గర వేడి చేశారా, సెలీనైట్ ఎంత కలిపారు, ఇవన్నీ రాయండి. తర్వాతిసారి సీరం కొనేముందు రెండు మూడు లాట్ల నమూనాలు తెప్పించుకుని, సెలీనైట్ కలపకుండా మీ కణాల్లో మూడు రోజులు పెంచి పెరాక్సిడేజ్ కొలవండి. సరఫరాదారులు నమూనాలు ఇస్తారు, అడగాలి. నచ్చిన లాట్‌ను థీసిస్ పూర్తయ్యేదాకా సరిపడా ఒకేసారి తీసుకుని మైనస్ 20లో పెట్టించండి. అప్పటికీ 5 శాతానికి దించాలనే అనుకుంటే దించండి, సెలీనైట్ మాత్రం మరవకండి.